నొప్పి ఉన్న చోటు

ఉరుకుందు కుడి తొడ పదిహేడు రోజులుగా వదలడం లేదు.

నలభై బస్కీలు తీసేసరికి పట్టేస్తోంది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. పొద్దున కుస్తీ సాధనకు తాలింఖానాకు వచ్చినప్పుడు గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, ముఖం సర్దుకుని, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవాడు. కుంటడం ఎవరూ చూడకూడదని అతని తాపత్రయం. చూడనివాళ్లు ఎవరూ లేరు. పహిల్వాను కుంటితే ఆదోని బజారంతా చెప్పుకుంటుంది, తాలింఖానాలో తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ తాలింఖానా హుసేనయ్య ఉస్తాద్‌ది. దూదేకుల మనిషి, డెబ్బై దాటాడు. చేతికర్ర లేనిదే నడవలేడు గానీ, కుస్తీ పట్టే మట్టి గోదా గట్టు మీద కూర్చున్నాడంటే లోపల ఎవడి కాలు ఎక్కడుందో ఆయనకు తెలుస్తుంది. మాట తక్కువ. మెచ్చుకోలు ఇంకా తక్కువ. ఒక గూట్లో ఆంజనేయుడి పటం, ఇంకో గూట్లో పీరు పేరున పెట్టే దీపం ఉండేవి. రెండు చోట్లా నూనె పోసేది ఆయనే.

ఉరుకుందు పద్నాలుగేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు. ఉగాది కుస్తీలు అయిపోగానే పిల్లలకు నేర్పే పని అతనికే అప్పగిస్తానని ఉస్తాద్ శివరాత్రి మరునాడు అందరి ముందూ చెప్పాడు. ఆ మాటతో ఉరుకుందు ఛాతీ ఇంకో రెండంగుళాలు పెరిగింది. అందులో తప్పు పట్టడానికేం లేదు. పద్నాలుగేళ్లు ఆ మట్టిలో పొర్లినవాడికి ఆ మాత్రం సంతోషం ఉండొద్దా?

ఆ వారంలోనే మద్దిలేటి అతన్ని పడేశాడు.

పోటీ కూడా కాదు, పొద్దుటి సాధన. మద్దిలేటి ఇరవై రెండేళ్లవాడు, పత్తి మిల్లులో బేళ్లు మోస్తాడు. తాలింఖానాలో చేరి నాలుగేళ్లయింది. నడుము ఎలా పట్టాలో, పట్టాక ఊపిరి ఎలా బిగబట్టాలో నేర్పినవాడు ఉరుకుందే. ఆ నడుము పట్టుతోనే మద్దిలేటి వెనక నుంచి అతన్ని ఎత్తి, కుడివైపు తిప్పి, వెన్ను నేలకు తాకించాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు.

హుసేనయ్య తాలింఖానాలో ఒక పద్ధతి ఉంది. కుస్తీ అయ్యాక గెలిచినవాడు ఓడినవాడి కాళ్లకూ నడుముకూ నూనె పెట్టి మర్దనా చేయాలి. వేరే ఊళ్లల్లో చిన్నవాడు పెద్దవాడికి చేస్తాడు. ఇక్కడ వయసు చూడరు, కులం చూడరు. పడేసినవాడే కూర్చుని పట్టాలి, అది పూర్తయ్యేదాకా ఇద్దరూ గోదా దాటి పోకూడదు. ఎందుకని ఎవరైనా అడిగితే ఉస్తాద్, "మా ఉస్తాద్ కూడా చెప్పలే," అనేవాడు.

ఆ రోజు మద్దిలేటి నువ్వుల నూనె గిన్నె పట్టుకుని దగ్గరికి వచ్చాడు. ఉరుకుందు వీపుకంటిన మట్టి కూడా దులుపుకోలేదు.

"నాకొద్దు," అన్నాడు.

"అన్నా, ఒక్క నిమిషం..."

"వద్దంటే తెలుగులోనే కదా చెప్తాండేది?"

గోదాలోంచి బయటికి వచ్చి, లుంగీ చుట్టుకుని వెళ్లిపోయాడు. పద్నాలుగేళ్లలో ఎవరూ చేయని పని అది. ఉస్తాద్ గట్టు మీదే ఉన్నాడు. ఒక్క మాట కూడా అనలేదు. అదే అందరికీ భయంగా తోచింది.

మర్నాటి నుంచి తొడ బిగుసుకోవడం మొదలైంది. అంతకుముందే లోపల ఉన్న నొప్పికి ఓటమి తోడై బయటపడింది కాబోలు. ఇంట్లో వేడినీళ్లు కాచి పోసుకున్నాడు. ఏవో తైలాలు రాసుకున్నాడు. చివరికి ఫోన్‌లో ఎవరో వీడియో చూపించగా కర్నూలు వెళ్లి ఫోమ్ రోలర్ ఒకటి కొనుక్కొచ్చాడు. మూరెడు పొడవున్న నల్లటి దుంగ, మధ్యలో డొల్ల, పైన గట్టి నురుగు మీద బొడిపెలు. దాన్ని నేల మీద పెట్టి, తొడ దాని మీద ఆనించి, చేతుల మీద ముందుకూ వెనక్కూ జరిగితే కండరం సడలుతుందని ఆ వీడియోలో చెప్పారట.

చెప్పింది అబద్ధం కాదు. చాలామందికి అలాగే సడలుతుంది. ఉరుకుందుకు కావలసింది మాత్రం ఇంకొకటి. తన కాలికి ఇంకొకరి చేయి తగలకుండా నయం కావాలి.

రోజూ గోదా పక్కన ఓ మూల గోడ వైపు తిరిగి బోర్లా పడుకుని రోలర్ మీద తొడ పెట్టేవాడు. పళ్లు బిగించి గబగబా జరిగేవాడు. నొప్పి పెట్టిన చోట ఇంకా గట్టిగా నొక్కేవాడు. వారం తిరిగేసరికి తొడ మీద నల్లటి మచ్చలు తేలాయి. కాలు మాత్రం కొయ్యలాగే ఉంది.

"అన్నకు కొత్త దోస్తు దొరికినాడప్పా. ఎంత తొక్కినా తిరిగి తొక్కడు," అన్నాడు వెనక నుంచి ఒకడు. నలుగురు నవ్వారు. మద్దిలేటి నవ్వలేదు.

ఉగాది ఇంక తొమ్మిది రోజులుందనగా ఉరుకుందు ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు. సాధన అప్పుడే అయిపోయింది, కుర్రవాళ్లు ఒళ్లు తుడుచుకుంటున్నారు. అతను గట్టు కింద నిలబడి, చేతిలోని రోలర్ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఉస్తాద్, నేర్పే పని ఇంకెవురికన్నా ఇయ్యండి. నాతో కాదు."

"ఎందుకని?"

"కాలు పని చేయల్యా."

ఉస్తాద్ ఎదురు చూశాడు. కాలు ఒక్కటే అయితే ఇతను ఇంకా అక్కడే నిలబడి ఉండడని ఆయనకు తెలుసు.

అంత మనిషి ఉరుకుందు, కళ్లలో నీళ్లు తిరిగితే ఎలా ఆపుకోవాలో తెలియక గూట్లోని పటం వైపు చూశాడు.

"మద్దిలేటి గూడా నా దగ్గరే నేర్చుకోవాల కదా ఉస్తాద్. నన్ను పడేసినోనికి నేనేం నేర్పేది?"

హుసేనయ్య అతని కాలి వైపు చూశాడు.

"నొప్పి యాడరా?"

"ఈడ." తొడ ముందు వైపు అరచేత్తో రుద్ది చూపించాడు. "ఈ పొడుగునా. మీరొకతూరి పట్టి చూడండి ఉస్తాద్. మీ చేయి పడితే చాలు."

ముసలాయన పట్టలేదు. రోలర్ ఇమ్మని చేయి చాపాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి, బొడిపెలు బొటనవేలితో నొక్కి, గట్టు మీద పెట్టి తన పిక్క దాని మీద ఆనించాడు. కళ్లు మూసుకుని మెల్లగా ముందుకు, మెల్లగా వెనక్కు నాలుగుసార్లు జరిపాడు.

"బాగుందే," అన్నాడు. "మంచి వస్తువు."

ఉరుకుందుకు కొంచెం ధైర్యం వచ్చింది. "రోజూ చేస్తానే ఉండా ఉస్తాద్. పొద్దున అరగంట, మాపు అరగంట."

ఉస్తాద్ కర్ర ఊనుకుని లేచాడు. రోలర్‌ను చంకలో పెట్టుకుని, తవ్వి మెత్తగా చేసిన గోదా మట్టిలోంచి నడిచాడు. ఆ మట్టిలో కర్ర దిగబడుతుంది, కాలు దిగబడుతుంది. చుట్టూ గట్టు మీంచి పోవచ్చు. ఆయన అలా పోలేదు. సాయానికి ఇద్దరు ముందుకు వస్తే కర్ర ఎత్తి ఆపాడు. అవతలి వైపు చొక్కా తొడుక్కుంటున్న మద్దిలేటి ముందు ఆగి, రోలర్ అతని చేతిలో పెట్టాడు.

"ఇది యాడ పెట్టల్లో ఆడ పెట్టు."

అంతే చెప్పి అక్కడే గట్టు మీద కూర్చున్నాడు.

మద్దిలేటి రోలర్ పట్టుకుని గోదా మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఉరుకుందు వైపు చూడడానికి అతనికీ ఇబ్బందిగానే ఉంది. పిలవలేదు. తల దించుకుని నిలబడ్డాడు.

ఉరుకుందు వీధి తలుపు వైపు చూశాడు. తీసే ఉంది, పది అడుగుల దూరం. అటు పోతే ఇక తిరిగి రావడం ఉండదని అతనికి తెలుసు. అక్కడున్న ముప్పైమందికీ తెలుసు. పడిన అవమానం ఒకటి, పడుకోబోయే అవమానం ఇంకొకటి. ఏది పెద్దదో తేల్చుకోలేక అతను ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను.

చివరికి లుంగీ విప్పి గట్టు మీద పెట్టి, లంగోటీతో గోదాలోకి దిగాడు.

"ఎట్ల పండుకోవల్ల?" అన్నాడు, ముఖం పక్కకు పెట్టుకుని.

"కూచోన్నా. దీని మీద కూచో."

మద్దిలేటి రోలర్‌ను తొడ కింద పెట్టలేదు. కుడి తుంటి వెనక, పిర్ర పక్కకు పెట్టాడు. ఉరుకుందు విసుక్కున్నాడు.

"ఆడ నాకు నొప్పే లేదు."

"ఉండన్నా. కుడి చీలమండ ఎడమ మోకాలి మీద పెట్టు. కుడి చెయ్యి వెనకాల నేలకు ఆనించు. ఇంగ బరువు మెల్లగా ఈ పక్కకు వదులు."

ఉరుకుందు బరువు వదిలాడు. వదిలిన మరుక్షణం అతని నోట్లోంచి ఒక అరుపు వచ్చింది. ఇన్నాళ్లుగా తొడను నలగ్గొడుతున్నా రాని అరుపు అది. వెంటనే అలవాటు కొద్దీ పళ్లు బిగించి ముందుకూ వెనక్కూ జరగబోయాడు. మద్దిలేటి అతని భుజం పట్టుకుని ఆపాడు.

"జరగొద్దు. దాంతో కొట్లాడొద్దన్నా. ఆడనే ఉండి ఊపిరి వదులు."

ఉరుకుందు ఆగాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి. మద్దిలేటి అరచేయి అతని నడుము కింద ఆనుకుని ఉంది. ఎనిమిదో తొమ్మిదో ఊపిరికి లోపల బిగదీసి ఉన్నది కొంచెం సడలింది. కాసేపటికి ఇంకొంచెం. మద్దిలేటి రోలర్‌ను బెత్తెడు కూడా కానంత కిందికి జరిపి మళ్లీ ఆగమన్నాడు. ఈసారి సడలింపు తుంటి నుంచి తొడలోకి దిగింది. ఎవరూ ముట్టుకోని తొడ దానంతటదే మెత్తబడింది.

ఉరుకుందు మోకాలు వంచి చూశాడు. వంగింది. మళ్లీ చాపి, మళ్లీ వంచాడు.

"నీకెట్ల తెలుసురా ఇది?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

మద్దిలేటి చేతికంటిన మట్టిని దులుపుకున్నాడు.

"ఆ పొద్దు నడుము పట్టినా కదన్నా. నీ ఎడమ పక్క నాతో పాటు తిరిగింది. కుడి పక్క తిరగల్యా, తుంటి కాడ రాయి మాదిరి ఉండింది. అది చేతికి తెలిసింది. అందుకే ఆ పక్కకే తిప్పినా. నా బలం కాదన్నా అది. ఆ మాట చెప్పల్లనే నూనె తెచ్చినా. నువ్వు వద్దంటివి."

ఉరుకుందుకు సిగ్గేసింది. అతను జీవితంలో చాలాసార్లు ఓడిపోయాడు, కానీ ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. కుర్రవాడు తనని గెలిచి కూడా పదిహేడు రోజులు ఆ మాట మోసుకుని తిరిగాడు. ఇవతల తను గోడ వైపు తిరిగి నొప్పి పుట్టిన చోటు వదిలేసి తొడనే నొక్కుకున్నాడు.

తల ఎత్తి గట్టు వైపు చూశాడు.

"ఉస్తాద్, మీకు ముందే తెలుసు కదా? అప్పుడే చెప్పి ఉంటే..."

హుసేనయ్య కాళ్లకంటిన మట్టిని కర్రతో గీకి తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నాకెట్ల తెలుస్తాదిరా? నిన్ను పడేసింది నేను కాదు కదా."

కుర్రవాళ్లు ఒక్కొక్కరే తువ్వాళ్లు భుజాన వేసుకుని బయటికి పోతున్నారు. మద్దిలేటి కూడా మిల్లుకు వేళవుతోందని లేవబోయాడు. ఉరుకుందు అతని మణికట్టు పట్టుకుని మళ్లీ మట్టిలో తన ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఇంగేం తెలిసింది నీ చేతికి ఆ పొద్దు?" అని అడిగాడు. "అన్నీ చెప్పు."