రద్దు కాని రథరక్ష

"బొల్లనా, మన దండపాణి నోట ఒక్క మాట పలికించాలి. 'రద్దయింది' అనాలి. అదీ నిండు కొలువులో. నీ వల్ల అవుతుందా?"

కుంభగిరి రాజు మహీధర భూపతి ఇలా అడిగేసరికి, తమలపాకుకు సున్నం రాస్తున్న బొల్లన చెయ్యి ఆగిపోయింది. బొల్లన రాజుగారికి తాంబూలం అందించే ఉద్యోగి. ఏ చిక్కు వచ్చినా మంత్రుల కంటే ముందు అతన్ని అడగడం రాజుగారికి అలవాటు.

"తమరు ఆజ్ఞాపిస్తే పోలేదా ప్రభూ?"

"అదే కదా తంటా! రథరక్ష వ్యవహారంలో దండపాణి మాటే చివరి మాట అని నేనే ముద్ర వేసి ఇచ్చాను. చదవకుండా వేశాను," అన్నాడు రాజు, కాస్త సిగ్గుపడుతూ.

రథరక్ష అంటే మరేం లేదు. బండి తోలే ప్రతివారూ నెలనెలా దండపాణికి రుసుము కట్టాలి. వారి బండి ఎవరినైనా గుద్దినా, దేన్నైనా పడగొట్టినా ఆ నష్టం దండపాణి భరించాలి. కట్టించుకోవడంలో ఆయనంత చురుకైనవాడు రాజ్యంలో లేడు. భరించవలసి వచ్చినప్పుడు మాత్రం ఊళ్లోనే ఉండేవాడు కాదు.

రాజుగారి చిక్కంతా మల్లసాని అనే పిల్ల గురించే. ఆమెకు ఇంకా ఇరవై నిండలేదు. ఒంటిగుర్రం బండి తోలి తానూ, చెల్లెలూ బతికేవారు. కుర్రకారు కళ్లు నెత్తికెక్కి తోలుతారంటూ దండపాణి ఆమెకు మూడింతల రుసుము వేశాడు. సంపాదించిందంతా దానికే పోతూంటే ఆ పిల్ల విసిగిపోయి బండి తోలడం మానేసింది. దండపాణి కచేరీకి వెళ్లి, "నాకు రథరక్ష వద్దు, రద్దు చెయ్యండి" అని చెప్పి వచ్చింది. గోరింట అనే తన గుర్రాన్ని వెంటబెట్టుకుని రాజుగారి లాయంలో పనికి కుదిరింది.

అక్కడితో పీడ వదిలిందనుకుంది. వదల్లేదు.

ఆ సాయంత్రం బొల్లన లాయానికి వెళ్లేసరికి ఆమె గోరింట మెడ కౌగిలించుకుని ఏడుస్తోంది.

"రద్దు కోరినందుకు రుసుమంట బాబాయ్! ఎందుకు కోరావని విచారించినందుకు ఇంకో రుసుమంట! విచారించేటప్పుడు గుమాస్తా మజ్జిగ తాగాడంట, దానికీ రుసుమే! ఇవన్నీ కడితేగానీ రద్దు కాదంట. రద్దు కాలేదు కాబట్టి పాత రుసుము కూడా కట్టాలంట!"

"నువ్వేమన్నావు?"

"మా బండిలో కోళ్లు పొదుగుతున్నాయండీ, అది కదిలి చాలా కాలమైంది అన్నాను. అయితే కోళ్లకూ రథరక్ష తీసుకో అన్నాడు దండపాణి. రేపు గోరింటను పట్టుకుపోతారంట."

బొల్లన నవ్వబోయి, ఆ పిల్ల మొహం చూసి మానుకున్నాడు. తిన్నగా రాజు దగ్గరకు వెళ్లాడు.

"ప్రభూ, రేపు కొలువులో ఒక అబద్ధం ఆడటానికి అభయం కావాలి."

"ఎంత అబద్ధం?"

"కొంచెం పెద్దదే."

"ఆడు," అన్నాడు రాజు.

మర్నాడు దండపాణి జరీ తలపాగా చుట్టుకుని కొలువుకు వచ్చాడు. "మహారాజా, మల్లసాని గుర్రాన్ని స్వాధీనం చేసుకుంటున్నాను. ఆమె రథరక్ష రద్దు కాలేదు. ఈ క్షణం దాకా నిక్షేపంలా నడుస్తోంది!" అని ప్రకటించాడు. ఒక పక్కన నిలబడ్డ మల్లసాని తల దించుకుంది.

అంతలో బొల్లన రొప్పుతూ లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఘోరం జరిగిపోయింది ప్రభూ! ఎవరో తుంటరులు మల్లసాని బండిని తోలుకెళ్లి మీ అద్దాల మండపానికి గుద్దేశారు! ఒక్క అద్దం మిగల్లేదు!"

రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మండపమంటే ఆయనకు ప్రాణం.

బొల్లన చెమట తుడుచుకుని, తాపీగా దండపాణి వైపు తిరిగాడు.

"అయినా దిగులెందుకు ప్రభూ? రథరక్ష నడుస్తోందని వీరే సెలవిచ్చారు. మండపం మొత్తం వీరే కట్టిస్తారు."

దండపాణి తలపాగా ఒక పక్కకు ఒరిగిపోయింది.

"లేదు! లేదు! ఆ రథరక్ష రద్దయింది!"

"ఎప్పుడండీ?"

"ఆ పిల్ల నోరు తెరిచి అడిగిన రోజే!"

"మరి ఆ తర్వాత వేసిన రుసుములు?"

"పొరపాటు! అంతా గుమాస్తా పొరపాటు!"

"మజ్జిగ?"

"అది కూడా! ఆ పిల్ల నాకు దమ్మిడీ బాకీ లేదు! ఆమెకూ నాకూ ఏ సంబంధమూ లేదు. కొలువంతా సాక్ష్యం!"

"విన్నాం," అంది కొలువు ఒక్క గొంతుతో.

రాజుకు మాత్రం ఇవేవీ పట్టలేదు. "నా మండపం, బొల్లనా!" అన్నాడు.

బొల్లన చేతులు కట్టుకున్నాడు.

"మండపానికేం ప్రభూ, మిలమిలా మెరుస్తోంది. బండిలో కోళ్లు ఇంకా గుడ్ల మీదే ఉన్నాయి. తమరు అభయమిచ్చిన అబద్ధం అదే!"

రాజు ఒక్క క్షణం తెల్లబోయి, కడుపు పట్టుకుని నవ్వాడు. సభంతా గొల్లుమంది. దండపాణి తలపాగా సర్దుకుంటున్నాడు గానీ అది తల మీద నిలవడం లేదు.

రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి బొల్లన మెడలో వేశాడు. మల్లసానిని దగ్గరకు పిలిచి, "అమ్మాయీ, నేటినుంచి రాణిగారి రథం తోలే పని నీదే," అన్నాడు.

ఆ పిల్ల సంతోషంతో దండం పెట్టింది. అంతలోనే ఏదో గుర్తొచ్చి మొహం చిన్నబుచ్చుకుంది.

"మరి దానికి రథరక్ష కట్టాలా ప్రభూ?"

"కట్టాలి తల్లీ, తప్పదు," అన్నాడు రాజు, నవ్వు ఆపుకోలేక. "దండపాణి కడతాడు!"