తులసి మీద విచారణ

కొండల నడుమ గిరిదుర్గం అనే చిన్న రాజ్యం ఒకటి ఉండేదట. దాన్ని రణభీమదేవుడు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గాని రాజుగారి బిరుదులు చాలా పెద్దవి. ఆయన సింహాసనం మీద కూర్చునే ముందు వందిమాగధులు వాటన్నిటినీ చదివేసరికి సభలో సగం మందికి కునుకు పట్టేది. ఒకసారి ఊరేగింపులో వాన కురిసి పట్టువస్త్రాలు తడిస్తే, ఇకమీదట తన అనుమతి లేకుండా వాన కురవరాదని దండోరా వేయించాడు. ఆ తర్వాత చాలా రోజులు వాన పడలేదు. రాజుగారు అది తన ఆజ్ఞ మహిమే అనుకున్నాడు.

అంతటి మనిషి ఒక్కరి ముందు మాత్రం మామూలు మనిషిలా ఉండేవాడు. ఆమె రాణి కుముదవల్లి.

ఒక చలికాలం రాణికి జ్వరం వచ్చింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. దగ్గుతో గొంతు పుండైపోయింది. రాజవైద్యుడు ఔబళాచార్యులు తన దగ్గరున్న మందులన్నీ వాడాడు. వాటితో పాటు తులసి, అల్లం, నిమ్మగడ్డి వేసి కషాయం కాచి, ఉదయం సాయంత్రం గోరువెచ్చగా తాగించమన్నాడు. ఆ గిన్నెను దాసీల చేతికి ఇవ్వకుండా రాజుగారే స్వయంగా పట్టుకుని రాణికి తాగించేవాడు.

రాణి బతకలేదు.

రాజుగారు ఎవరి ముందూ కన్నీరు పెట్టలేదు. కర్మకాండలన్నీ అయ్యాక సభకు వచ్చి రెండు ఆజ్ఞలు వినిపించాడు. తులసీ, నిమ్మగడ్డీ, అల్లమూ తనకు ద్రోహం చేశాయి కాబట్టి రాజ్యంలో అవి ఎక్కడున్నా పెకిలించి పొలిమేర అవతల పారేయాలన్నది మొదటిది. వాటిని నమ్మేలా చేసిన వైద్యుణ్ణి చెరలో పెట్టి, అమావాస్య వెళ్లగానే దేశం నుంచి వెళ్లగొట్టాలన్నది రెండోది. ఔబళాచార్యులు తల వంచుకుని భటుల వెంట వెళ్లాడు. తన తరపున ఒక్క మాటైనా చెప్పుకోలేదు.

ఆ కొలువులో కొండుభట్టు అనే విదూషకుడు ఉండేవాడు. అతని మాటలకు అందరికంటే ఎక్కువగా నవ్వేది రాణిగారే. ఆమె పోయినప్పటి నుంచి అతనికి నోట మాట పెగలడం లేదు. సభలో ఒక మూల కూర్చుని లేచి వచ్చేవాడు.

ఒక ఉదయం భటుడొకడు అతని ఇంటికీ వచ్చాడు. పెరట్లో తులసి మొక్కను పీకబోతుంటే కొండుభట్టు భార్య సుందరమ్మ అడ్డు నిలబడింది. మా అత్తగారు చలికాలమంతా దీని కషాయం తాగే ఊపిరి తీసుకుంటున్నారు నాయనా అని చెప్పింది.

భటుడు చేతులు దులుపుకుని పక్కకు తిరిగాడు. "పొద్దున మా ఇంట్లోనూ ఇదే ఏడుపమ్మా. మా ఇంటి మొక్కను నా చేతులతోనే పీకాను. నేనేం చెయ్యను?" అన్నాడు.

కొండుభట్టు ఆ మాట విన్నాడు. మొక్కను తానే కోటకు పట్టుకొస్తానని మాట ఇచ్చి భటుణ్ణి పంపించి, తిన్నగా చెరసాలకు వెళ్లాడు. ఏం చెప్పి కషాయం ఇచ్చారని ఔబళాచార్యుల్ని అడిగాడు. వైద్యుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆకులకు ఎంత శక్తి ఉందో అంతే చెప్పానని, ప్రాణం నిలుపుతుందని ఎన్నడూ అనలేదని అన్నాడు.

"మరి రాజుగారికి ఆ నమ్మకం ఎలా కలిగింది? ఈ మాట సభలో ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు కొండుభట్టు.

వైద్యుడు జవాబివ్వలేదు. ఆ మౌనంలోనే కొండుభట్టుకు సంగతి అర్థమైపోయింది.

మర్నాడు అతను తులసి మొక్కను కుండీతో సహా ఎత్తుకుని సభకు వచ్చాడు. ముద్దాయిలు నిలబడే చోట దాన్ని దించి, ఈ రాజ్యంలో వాదన వినకుండా ఎవరినీ శిక్షించరని పొరుగు రాజ్యాలు కూడా చెప్పుకుంటాయనీ, ఈ మొక్కల విషయంలో ఆ పేరు పోయేటట్టుందనీ మనవి చేశాడు. పేరు పోతుందంటే రాజుగారు ఒప్పుకోగలడా? విచారణ జరగనిమ్మన్నాడు. ఔబళాచార్యుల్ని కూడా పిలిపించారు.

"ముద్దాయి చేసిన నేరమేమిటి ప్రభూ?" అని అడిగాడు కొండుభట్టు.

"రాణిని బతికిస్తానని నమ్మించి మోసం చేసింది."

కొండుభట్టు వంగి మొక్క దగ్గర చెవి పెట్టాడు. తనకు నోరే లేదనీ, తన తరపున మాట్లాడింది వైద్యుడనీ, ఆయన్ని అడగమనీ అది అంటోందని చెప్పాడు. తర్వాత వైద్యుడి వైపు తిరిగి, కషాయం ఇచ్చిన రోజు అన్న మాటలే, అక్షరం పొల్లుపోకుండా మళ్లీ చెప్పమన్నాడు.

ఔబళాచార్యులు మెల్లగా చెప్పాడు. "గొంతుకు హాయిగా ఉండవచ్చు. దగ్గు కొంత సర్దుకోవచ్చు. నిమ్మగడ్డి వల్ల నిద్ర పట్టవచ్చు. ఈ జ్వరం మీద వీటి శక్తి ఎంతో నాకు తెలియదు. అంతే అన్నాను."

"విన్నారా ప్రభూ! అన్నీ 'వచ్చు'లే. వైద్యుడి నోట బయలుదేరిన 'వచ్చు' రాణిగారి మంచం దగ్గరికి చేరేసరికి మాయమైంది. దాన్ని దారిలో మింగేసి, నయమై తీరుతుందని ఆమెకు మాట ఇచ్చినవారు ఎవరో ఉన్నారు. అలాంటి వారికి ఏ శిక్ష వేస్తారు?"

రాజుగారికి కోపం ముంచుకొచ్చింది. "వేళ్లతో సహా పెకిలించి పొలిమేర అవతల పారేయండి" అన్నాడు.

కొండుభట్టు కుండీ పక్కకు జరిగి నిలబడ్డాడు.

కషాయం గిన్నె రాణి పెదవులకు ఆనించి, దీనితో నీకు నయమై తీరుతుంది, ఇది మా ఆజ్ఞ అని ఆమెతో తాను అన్నది రాజుగారికి గుర్తొచ్చింది. ఒక్క రోజు కాదు, రోజూ అన్నాడు.

"ఆ మాట ఇచ్చింది మేమే" అన్నాడు చివరికి. ఆ గొంతు రాజుగారి గొంతులా లేదు.

భటులు బిక్కమొహాలు వేసుకుని ఒకరినొకరు చూసుకున్నారు. కొండుభట్టు సింహాసనం దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభువు ఆజ్ఞ తప్పడానికి వీల్లేదు. కాని ఒక చిక్కు ఉంది. వేళ్లతో సహా పెకిలించమన్నారు. మొక్కకు వేళ్లు ఒక్కచోటే ఉంటాయి. తమకు చేతులకు పది, కాళ్లకు పది ఉన్నాయి. ఏ వేలి దగ్గర మొదలుపెట్టమంటారు?"

రాజుగారు తన చేతివేళ్ల వంక చూసుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వు తన్నుకొచ్చింది. రాణి పోయాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వుతూ నవ్వుతూ ఉత్తరీయం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కొంతసేపటికి అది నవ్వు కాదని సభలో అందరికీ తెలిసింది. మంత్రులు తలలు దించుకున్నారు.

తేరుకున్నాక ఆయన సింహాసనం దిగి ఔబళాచార్యుల దగ్గరికి వెళ్లాడు. తన మాట రాణి నమ్మిందా అని అడిగాడు.

"లేదు ప్రభూ. బతకనని ఆమెకు ముందే తెలుసు. ఆయన ఎంతో ఆశగా ఇస్తున్నారు, నేను తాగుతాను, మీరు మాత్రం ఈ సంగతి ఆయనకు చెప్పకండి అని నా చేత ఒట్టు వేయించుకున్నారు."

"అయితే ఆ తాగిందంతా వృథాయేనా?"

"కాదు ప్రభూ. ఆ పుండైన గొంతుతో ఆమెకు మాట్లాడడమే కష్టమయ్యేది. కషాయం తాగాక కాసేపు నొప్పి తగ్గేది. చివరి రోజుల్లో తమతో మాట్లాడిన నాలుగు మాటలూ అప్పుడు మాట్లాడినవే."

రాజుగారు ఆ ముసలివాడి చేతులు రెండూ పట్టుకుని నిలబడిపోయాడు.

ఆ రోజే ఆజ్ఞలు రెండూ రద్దయ్యాయి. వైద్యుణ్ణి పల్లకీలో ఇంటికి పంపించారు. రాజుగారు తన మెడలోని ముత్యాల హారం తీసి కొండుభట్టు మెడలో వేసి, ఇంకేమైనా కోరుకొమ్మన్నాడు. ఈ మొక్కను ఇంటికి తీసుకుపోనిస్తే చాలన్నాడు కొండుభట్టు.

అతను ఇంటికి వచ్చి కుండీ దించేసరికి సుందరమ్మ హారాన్నీ చూసింది, ఎర్రబడిన కళ్లనూ చూసింది. ఇంత బహుమానం పుచ్చుకుని వచ్చి ఏడుస్తారేమిటని అడిగింది.

కొండుభట్టు అరుగు మీద కూర్చున్నాడు.

"ఇవాళ ప్రభువును నవ్వించానే" అన్నాడు. "నవ్వించి, అలవాటు కొద్దీ రాణిగారు కూర్చునే వైపు చూశాను."

సుందరమ్మ వచ్చి అతని పక్కనే కూర్చుంది.