ప్రచండభూపతి అద్దె ఇళ్లు

నీలాద్రివరం అని ఒకానొక రాజ్యం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. దాన్ని ఏలేవాడు ప్రచండభూపతి. లోకంలో ఉన్న విద్యలన్నీ తనకు పుట్టుకతోనే వచ్చేశాయని ఆయన నమ్మకం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు అద్దెకిచ్చి చూడు అనలేదు. ఆ కొరత ప్రచండభూపతి తీర్చాడు. కోట వెనక వీధిలో వరసగా పన్నెండు పెంకుటిళ్లు కట్టించాడు. ద్వారబంధాల మీద చిలకలూ తామరపూలూ చెక్కించాడు. పైకప్పు మాత్రం హడావిడిగా నేయించాడు. తలెత్తి ఎవడు చూడొచ్చాడని!

ఇళ్లు ఎలాంటివాళ్లకివ్వాలో తేల్చమని ఆస్థాన పండితుడు పేరిభట్టుకు చెప్పాడు. పేరిభట్టు జన్మలో ఒక్క గోడకైనా సున్నం కొట్టించి ఎరగడు. అయినా నెల తిరక్కుండా తాటాకుల మీద ఇరవయ్యొక్క నియమాలు రాసి తెచ్చాడు. అద్దెకు వచ్చేవాళ్లకు పిల్లలుండకూడదు. చుట్టాలు రాకూడదు. గోడకు మేకు కొట్టకూడదు. వంటింట్లో పొగ లేవకూడదు. బావిలోంచి రోజుకు రెండు బిందెలకు మించి తోడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఏది పాడైనా యజమానితో చెప్పకూడదు.

రాజు మురిసిపోయాడు. ఇల్లడగడానికి వచ్చిన ప్రతివాణ్నీ నిండు కొలువులో నిలబెట్టి తనే ప్రశ్నలు వేసేవాడు. మీ అత్తగారు వస్తే ఎన్నాళ్లుంటుంది? మీ ఆవిడ ఇంగువ ఎక్కువ వేస్తుందా? రాత్రిళ్లు దగ్గుతావా? పిల్లనిచ్చేటప్పుడు కూడా ఎవరూ ఇన్ని అడగరు. వచ్చినవాడు ముఖం మాడ్చుకుని వెళ్లిపోయేవాడు. రెండేళ్లు గడిచాయి, ఒక్క తాళం తియ్యలేదు. "మన రాజ్యంలో మర్యాదస్తులకు కరువొచ్చింది" అని రాజుగారు నిట్టూర్చేవారు.

ఆ కొలువులో తిప్పన్న అని ఒక చమత్కారి ఉండేవాడు. నోటి దురుసు ఎక్కువ, ఆస్తి తక్కువ. రాజు ఎప్పుడో ఇచ్చిన రెండు గదుల ఇల్లొక్కటే అతనికున్నది. ఆ ఏడు ఏరు పొంగి, ఓబులేసు అనే నేతగాడు అద్దెకుంటున్న ఇల్లు కొట్టుకుపోతే, భార్యనూ ముగ్గురు పిల్లల్నీ వెంటబెట్టుకుని తిప్పన్న అరుగు మీదికి చేరాడు. తిప్పన్న అతన్ని కొలువుకు తీసుకెళ్లాడు.

"ఏం పని చేస్తావు?" అన్నాడు రాజు.

"నేతపని దొరా. ఇంట్లో మగ్గం గుంట ఒకటి తవ్వుకుంటాను."

"గుంటా! మా నేలలోనా!" రాజు సింహాసనం మీద నుంచి లేచినంత పని చేశాడు.

"ముగ్గురు పిల్లలు కూడానూ" అన్నాడు పేరిభట్టు, ముక్కు మూసుకుని.

తిప్పన్న ఊరుకోలేకపోయాడు. "ప్రభూ, గుంట పూడిస్తే పూడుతుంది. ఖాళీ ఇల్లు కూలితే లేస్తుందా?"

రాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాకే నీతులా? సరే, పదిహేను రోజులు గడువు. ఈ నియమాలన్నిటికీ సరిపడేవాళ్లతో పన్నెండు ఇళ్లూ నింపు. లేదా నీ ఇల్లు ఖాళీ చేసి, ఆ నేతగాడితో సహా వీధిలో పడు!"

ఇంటికొచ్చి చెప్తే భార్య వెంగమాంబ నెత్తి కొట్టుకుంది. "ఆ నోటికి తాళం వేసుకోండి అని ఎన్నిసార్లు చెప్పాను? రేపు వానల్లో వంటసామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి?" తిప్పన్నకూ భయంగానే ఉంది. మర్నాడు పొద్దున్నే వెళ్లి, కోట వెనక వీధిలో కిటికీ సందుల్లోంచి ఒక్కో ఇంట్లోకీ తొంగిచూశాడు. పన్నెండో ఇల్లు చూశాక ఒక్కడే నవ్వుకుంటూ తిరిగొచ్చి, మిగతా పద్నాలుగు రోజులూ హాయిగా నిద్రపోయాడు.

గడువునాడు కొలువులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పన్నెండు ఇళ్లూ నిండాయి ప్రభూ. పెద్ద పెద్ద కుటుంబాలే గానీ, చుట్టాలొచ్చి తలుపు తట్టరు. పొయ్యి వెలిగించరు. మేకు కొట్టరు. ఒక్క బిందె నీళ్లు తోడరు. కప్పు కురిసినా పల్లెత్తు మాటనరు."

"చూశారా ప్రభూ, నా నియమాల మహిమ!" పేరిభట్టు పొంగిపోయాడు.

"పిల్లల మాటేమిటి?" అన్నాడు రాజు.

"ఉంటే మాత్రం ప్రభూ, తల్లి రొమ్ము వదిలి నేల మీద కాలు పెట్టవు. ఆ ఒక్కటీ మన్నించండి."

అలాంటి మర్యాదస్తుల్ని చూసి తీరాలని రాజు పల్లకీ ఎక్కాడు. ఘనత తనది గనక ముందు తనే అడుగుపెడతానన్నాడు పేరిభట్టు. తాళం తీసి తలుపు తోశారు. లోపలి చీకట్లోంచి వందల గబ్బిలాలు ఒక్కసారిగా లేచి, పండితుడి తలపాగా మీదుగా బయటికి పోయాయి. పోతూ పోతూ ఆయన కొత్త శాలువాకు సత్కారం కూడా చేశాయి. పైన పెంకుల్లోంచి ఆకాశం కనిపిస్తోంది. వాసాలకు చెద. నేలంతా పందికొక్కుల బొరియలు.

"గబ్బిలాల్ని అద్దెకు పెట్టావా? తల తీయిస్తాను!" రాజు అరిచాడు.

"తీయించండి ప్రభూ. కానీ పిల్లల విషయం ముందే చెప్పాను. ఇక వాళ్లు తప్పిన నియమం ఇంకొక్కటి పండితులవారు చూపించాలి."

పేరిభట్టు శాలువా దులుపుకుంటూనే తాటాకులు తిరగేశాడు. మొదటినుంచి చివరికీ, చివరినుంచి మొదటికీ. చెమటలు కారాయి గానీ నియమం దొరకలేదు. పక్కింటి తలుపు తీస్తే అక్కడా అదే సంసారం.

రాజు ఆకాశం కనిపిస్తున్న కప్పుకేసి చూశాడు. "మరి ఇల్లెలా ఇవ్వాలయ్యా?" అన్నాడు, ఈసారి కాస్త మెల్లగా.

"మనుషులకివ్వాలి ప్రభూ. పొయ్యి రాజుకుంటే ఆ పొగకు వాసాలకు చెద పట్టదు. మనిషి తిరిగితే పందికొక్కు తిరగదు. ఫలానా చోట కురుస్తోందని చెప్పేవాడే మంచివాడు. పెంకు మార్చడంతో పోతుంది, లేకపోతే దూలమే మార్చాలి. మీ అత్తగారెన్నాళ్లుంటుందని అడగడం కాదు, ఇదివరకటి యజమానిని అడగండి, మనిషి ఎలాంటివాడని. ఓబులేసు ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాడు. ఏరొచ్చి ఇల్లు తీసుకుపోయింది గానీ అతను వదిలిపెట్టలేదు. అలాంటివాడు గుంట కాదు, నుయ్యి తవ్వినా నష్టం లేదు."

రాజు చూపు శాలువా మీద పడింది. తాటాకుల్లో ఇంకా వెతుకుతున్న పేరిభట్టు ముఖం మీద పడింది. ఆపుకుందామనుకున్నాడు, కుదరలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. బోయీలు కూడా ధైర్యం చేసి నవ్వారు.

"ఓబులేసుకు ఒక ఇల్లివ్వండి, గుంట తవ్వుకోనివ్వండి" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. "నీ ఇల్లు నీదే తిప్పన్నా. పైగా నేను నిలబడ్డ ఈ ఇల్లు కూడా నీకే బహుమానం!"

తిప్పన్న పైకి చూశాడు. అప్పుడే చినుకు మొదలై, కప్పు సందులోంచి ఒక బొట్టు అతని నుదుటి మీద పడింది.

"కప్పు నేయించి ఇప్పించండి ప్రభూ" అన్నాడు. "ఇదే బహుమానమైతే, తమ దండన ఎలా ఉంటుందోనని మా ఆవిడ బెంగపెట్టుకుంటుంది."