తాబేలవ్వ కాలిముద్ర

ఎండాకాలం వస్తే సుద్దవాగు మొత్తం ఇసుకే. ఆ ఇసుకలో ఒక్క చెలమ మాత్రం ఉండేది. చెలమంటే తెలుసుగా, ఏటి ఇసుకను లోతుగా తోడితే అడుగున ఊరే నీటిగుంట. దాన్ని తవ్వింది తాబేలవ్వ. ఏటా పూడిక తీసేదీ ఆవిడే. కనుక ఆ చెలమ ఆవిడ సొత్తని అడవంతా ఒప్పుకుంది.

అయితే తాబేలుతో ఒక ఇబ్బంది ఉంది. ఎండలు ముదిరాయంటే మట్టిలో దూరి, వానలు పడేదాకా ఒళ్ళు తెలియని నిద్ర పోతుంది. పిలిస్తే పలకదు, కదిపితే కదలదు.

అందుకే ఆ ఏడు శివరాత్రి వెళ్ళగానే అవ్వ అందరినీ చెలమ దగ్గరికి పిలిపించింది.

"పడుకున్నాక నా మంచీచెడ్డా నాకు తెలియదు. తెలివి ఉండగానే చెబుతున్నా, వినండి. నేను లేచేదాకా చెలమ పెత్తనం కౌజుపిట్టది. తొలకరి పడ్డాక కూడా లేవలేదనుకోండి, ఇక నేను లేనట్టే. అప్పుడు చెలమ మీ అందరిదీ, పెత్తనం మాత్రం దానిదే."

కౌజుపిట్ట రెండడుగులు వెనక్కి వేసింది. గడ్డిదుబ్బుల్లో తలదాచుకుని బతికే ప్రాణం అది.

"నాకెందుకవ్వా? దున్నపోతు బాబాయి ఉన్నాడుగా, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు."

"వాడు దిగితే మనకు మిగిలేది బురదే. నువ్వైతే ముక్కు తడిస్తే చాలంటావు."

దున్నపోతు నొచ్చుకోలేదు. నిజమేనన్నట్టు తలూపాడు.

తొండనూ గుడ్లగూబనూ సాక్షులుగా నిలబెట్టింది అవ్వ. గుడ్లగూబ ఎండకు కళ్ళు చికిలిస్తూనే వచ్చాడు.

"అడవిలో ఇంకెవరూ లేనట్టు వీళ్ళేమిటి?" అన్నాడు జంబన్న అనే నక్క.

"వీళ్ళిద్దరూ చెలమకు రారు నాయనా. నీళ్ళలో వాటా లేనివాళ్ళకు అబద్ధమాడే పనేముంది?"

ఆ సాయంత్రం అవ్వ తన ముందుకాళ్ళతోనే గట్టునేల తవ్వుకుంటూ లోపలికి దిగిపోయింది. కౌజుపిట్ట పక్కనే నడిచి సాగనంపింది.

రోహిణి కార్తె వచ్చింది. ఒక ఉదయం అందరూ నీళ్ళకు చేరిన వేళ జంబన్న ఒక బంకమట్టి పలకను ముక్కుతో నెట్టుకుంటూ వచ్చాడు. దానిమీద తాబేలు కాలిముద్ర ఉంది. అడవిలో ముద్ర వేస్తే మాట ఇచ్చినట్టే.

"చెల్లెమ్మా, ఇక పక్కకు జరుగు. అవ్వ పడుకోబోయే ముందు నన్ను చాటుకు పిలిచి మాట మార్చుకుంది. చెలమ నాకిచ్చింది. నేనేమీ కఠినుణ్ణి కాను. నీళ్ళు కావలసినవాళ్ళు రోజూ ఇంటికో పిల్లను నా గుహకు పంపండి, పెంచుకుంటాను."

"పెంచుకోవడానికా, నంచుకోవడానికా?" అంది తల్లి కుందేలు.

దున్నపోతు ముద్రను వాసన చూసి నిట్టూర్చాడు. "అవ్వ కాలేనమ్మా ఇది. ముద్రే ఉన్నాక మనమేమంటాం?"

కౌజుపిట్ట తన రెక్కకింద వణుకుతున్న పిల్లలను చూసుకుంది. తనకూ వణుకుగానే ఉంది. అరిచి గెలిచే గొంతు తనకు లేదు. అందుకని అడగడం మొదలుపెట్టింది.

"సాక్షులెవరన్నా?"

"మా బావమరిది."

"ఆయన ఇక్కడి నీళ్ళు తాగడా?"

"తాగుతాడు. అయితే ఏమిటి?"

రాయిమీది తొండ తల పైకీ కిందికీ ఆడించాడు.

"అవ్వ ఈ ముద్ర ఎప్పుడు వేసింది?"

"చెప్పానుగా, పడుకోబోయే ముందు. ఆ తరువాత అవ్వ మొహం చూస్తే ఒట్టు."

"అవ్వ కాలేనని ఎలా నమ్మను? ఏ చెరువు తాబేలుదో అయితే?"

జంబన్నకు ఒళ్ళు మండింది. "నీకెంత చెప్పినా అనుమానమే. పోయి చూసుకో. ఎడమకాలి గోళ్ళ సందుల్లో ఇదే బంకమట్టి ఇప్పటికీ అంటుకుని ఉంది."

నీళ్ళు తాగుతున్నవాళ్ళు తలలెత్తి జంబన్నను చూశారు.

"అన్నా, అవ్వ గట్టునేల తవ్వింది ఆ కాళ్ళతోనే గదా," అంది కౌజుపిట్ట నెమ్మదిగా. "మట్టి ఏదైనా అంటి ఉంటే ఆ గరుకు నేలకు అప్పుడే రాలిపోయేది. మరి నిద్రపోతున్న అవ్వ కాలికి పూసిందెవరు? మొహమే చూడని నీకు గోళ్ళ సందుల సంగతి ఎలా తెలిసింది?"

"అంటే... ఎవరో అనుకుంటుంటే..."

దున్నపోతు పలకమీద గిట్ట ఆనించాడు. పైన పెళుసుగా విరిగింది, లోపల ఇంకా పచ్చిగా ఉంది. "శివరాత్రినాటి మట్టి రోహిణి ఎండలో ఇంత పచ్చిగా ఎలా ఉందిరా జంబన్నా?"

జంబన్న తోక ముడిచి వెళ్ళబోయాడు. దప్పికకు నాలుక వేలాడుతోంది.

"ఆగన్నా," అని పిలిచింది కౌజుపిట్ట. "నీళ్ళు తాగే పో. వరసలో చివర నిలబడు."

కుందేలు పిల్లలు, జింక పిల్లలు, ఆఖరికి కౌజుపిట్ట పిల్లలు కూడా తీరిగ్గా తాగారు. అందరి వెనకా తల దించుకుని నక్క నిలబడ్డాడు.

తొలకరి పడింది. గట్టు చీల్చుకుని అవ్వ బయటికొచ్చింది. ముందు చెలమ చూసుకుంది, నిండుగా ఉంది. పిల్లలను చూసుకుంది, అందరూ ఉన్నారు. అప్పుడు కాలు చూసుకుంది.

"నా గోళ్ళకు ఈ మట్టేమిటే?"

అడవంతా నవ్వింది. కౌజుపిట్ట ముక్కుతో నీళ్ళు తెచ్చి ఆ మట్టిని తానే కడిగింది.

తెలివి ఉండగా, వాటా లేని సాక్షుల ముందు చెప్పిన మాటను నిద్రలో తీసిన ముద్ర చెరపలేదు.