సెలవుల సంచిలో గేదె

హైమవతి గారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు కన్నా ముందు చేతికి ఓ పాతగుడ్డ వచ్చేది. "ఆ బీరువా దుమ్ము దులుపుతూ ఉండమ్మా, చెబుతాను" అనేవారు. దులపడం అయ్యేది, మధ్యాహ్నం అయ్యేది, జవాబు మాత్రం వచ్చేది కాదు. గోదావరి కాలువ గట్టున ఉన్న ఆ ఊరి గ్రంథాలయంలో పిల్లల గది ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆవిడ చేతిలోనే ఉంది. అక్కడ పని నేర్చుకుని వెళ్ళినవాళ్ళు జిల్లా అంతటా ఉన్నారు. వాళ్ళంతా నవ్వుతూ చెప్పే మాట ఒకటే: మేడమ్ గారు జవాబు చెప్పరు, అది దానంతట అది నడిచి వచ్చేదాకా మనల్ని కూర్చోబెడతారు.

అందరికన్నా ఆఖరిగా పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల కుసుమ. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, తాను పుచ్చుకున్నట్టు అందరికీ తెలిసేలా మసలుకునే పిల్ల. మనసు మంచిది, తొందర ఎక్కువ. ఆ గ్రంథాలయంలో ఒక ఆచారం ఉంది. వేసవి సెలవులివ్వగానే పసిపిల్లలున్న ఇళ్ళకు గుడ్డసంచీలో మూడేసి బొమ్మల పుస్తకాలు పెట్టి ఇస్తారు, బడులు తెరిచాక తిరిగి తీసుకుంటారు. ఆ ఏడాది అరవై సంచీలు నింపే పని హైమవతి గారు కుసుమకు అప్పగించారు. కుసుమ వారం రోజులు కష్టపడింది. అక్షరం ఎంత లావుందో, వాక్యం ఎంత పొట్టిగా ఉందో, చివర నీతి ఉందో లేదో చూసి మరీ ఏరింది. అందులో అక్షరమే లేని పుస్తకాలు పదకొండు తేలాయి. వాటిలో ఒకదాని నిండా ఓ గేదె నడుస్తూ ఉంటుంది. సంతలో నడుస్తుంది, రైలు గేటు దగ్గర నడుస్తుంది, పెళ్ళి పందిట్లో నడుస్తుంది. అర నిమిషంలో తిరగేసి, గేదె నడవడం కూడా ఒక కథేనా అనుకుని, ఆ పదకొండింటినీ పక్కన పడేసింది.

సంచీలు ఇవ్వడం మొదలైన రెండో రోజు పొద్దున్న కుసుమ గురువుగారి దగ్గరికొచ్చి అడిగింది. "మేడమ్, నేను చూడవలసినవన్నీ చూశాననే అనుకుంటున్నాను. అయినా అడుగుతున్నాను. పసిపిల్లలకి మంచి పుస్తకం ఏదో దేన్నిబట్టి పోల్చుకోవాలండీ?"

మెచ్చుకుంటారని ఆశపడే అడిగింది. హైమవతి గారు గుడ్డ అందించారు.

"నువ్వు పక్కన పెట్టినవి ఉన్నాయే, వాటి అట్టలు తుడు."

"అవి ఇచ్చేవి కాదండీ. వాటిల్లో చదవడానికి ఏమీ లేదు."

"ఇవ్వనివాటికి దుమ్ము పట్టదా?"

కుసుమ మూతి ముడుచుకుని తుడవడానికి కూర్చుంది. ఏడో పుస్తకం దగ్గరుండగా గంగరత్నం వచ్చింది.

గంగరత్నం పూతరేకులు చేస్తుంది. బోర్లించిన వేడి కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ లాగి, పొరలాంటి రేకును చిరక్కుండా ఊడదీయడంలో ఆ ఊళ్ళో ఆమెను మించినవాళ్ళు లేరు. సెలవులకని కూతురు దించి వెళ్ళిన మనవరాలు జోషిత ఆమె కొంగు పట్టుకుని ఉంది. జూన్‌లో ఒకటో తరగతిలో చేరబోయే పిల్ల. నిన్ననే కుసుమ తన చేతులతో ఏరి, అన్నిట్లోకీ మంచివనుకున్న మూడు పుస్తకాలు వాళ్ళ సంచీలో పెట్టింది. ఆ సంచీ ఇప్పుడు ముడి వేసుకుని బల్ల మీదికి తిరిగి వచ్చింది.

"ఇది మాకొద్దమ్మా. ఎవరికన్నా ఇచ్చేయండి," అంది గంగరత్నం.

"అదేంటి మామ్మగారూ! పాపకి నచ్చలేదా?"

"నచ్చకేం. పనమ్మా. పొద్దస్తమానం కుండ దగ్గరే సరిపోతంది." అంతటితో వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. పుస్తకాల వైపూ మనవరాలి వైపూ చూస్తూ నిలబడింది. చల్లకొచ్చి ముంత దాచినట్టు, కావలసింది ఏదో ఉంది, అడగడానికే నోరు రావడం లేదు. చివరికి, "కళ్ళు కూడా సరిగ్గా ఆనట్లేదు," అంది.

కుసుమకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళు ఆనకపోతే దానికి తన దగ్గర మందుంది. గబగబా వెళ్ళి లావుపాటి అక్షరాల పుస్తకం ఒకటి తెచ్చి, గంగరత్నం ముందు తెరిచి పట్టుకుంది. సంచీల కోసం వచ్చిన తల్లులు ఇద్దరు అక్కడే ఉన్నారు.

"ఇది చూడండి మామ్మగారూ, బొగ్గుతో గోడ మీద రాసినంత ఉంది. ఈ ఒక్క ముక్కా చదవండి, ఆనుతోందో లేదో తెలిసిపోతుంది."

గంగరత్నం ఆ పేజీ వైపు చూసింది. చాలాసేపు చూసింది. "ఆనుతందమ్మా," అంది గొంతు తగ్గించి.

"మరి చదవండి!"

ఇక్కడ చెప్పుకోవలసిన సామెత ఒకటుంది, చదవేస్తే ఉన్న మతి పోయిందని. కుసుమ ఆ క్షణాన దానికి చక్కగా సరిపోయింది. గంగరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు జోషిత తలెత్తి, ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వచ్చిన సందేహం చెబుతున్నట్టు అంది. "రాత్రి చదవమంటే అమ్మమ్మ కళ్ళజోడు పోయిందంది. గూట్లో ఉంటే నేనే తెచ్చిచ్చా. పెట్టుకుంది కూడా. మళ్ళీ రేపంది."

ఆ మాటతో కుసుమకు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది. చేతిలోని పుస్తకం ముయ్యాలా, తెరిచే ఉంచాలా తెలియలేదు. చదవడం రాదన్న సంగతి ఈవిడ దాచుకున్నదల్లా ఒక్క ఈ పిల్ల దగ్గరే. లోకానికంతటికీ తెలిసినా ఫరవాలేదు, మనవరాలికి మాత్రం తెలియకూడదనుకుంది. అలాంటి మనిషిని తాను ఆ పిల్ల ఎదుటే నలుగురిలో నిలబెట్టి చదవమని గుచ్చి గుచ్చి అడిగింది.

హైమవతి గారు కుర్చీలోంచి లేవలేదు. కుసుమ తుడిచిపెట్టిన దొంతరలోంచి గేదె పుస్తకం తీసి, బల్ల మీద గంగరత్నం వైపు తోశారు.

"గంగరత్నం గారూ, నాకో సాయం చెయ్యాలి. మా కుసుమ ఈ పుస్తకం పనికిరాదని పక్కన పెట్టేసింది. ఈ గేదె ఎందుకు తిరుగుతోందో దానికి అంతుపట్టలేదట. పట్నంలో పెరిగిన పిల్ల. మీరు కాస్త చూసి చెప్పండి."

గంగరత్నం అనుమానంగానే వంగింది. మొదటి పేజీ చూసింది. వేలితో గేదె పొట్ట కింద తట్టింది.

"ఇది ఈనిన గేదండి. పొదుగు చూడండి ఎలా బిగిసిపోయుందో. ఊరికే తిరగడం కాదిది. దూడ తప్పిపోయింది. ఎతుక్కుంటంది."

కుసుమ వంగి చూసింది. పొదుగు నిజంగానే నిండుగా ఉంది. బొమ్మ వేసినవాళ్ళు ఒక చుక్క పాలు కూడా వేశారు, నేల మీద పడుతూ. తను అర నిమిషంలో తిరగేసిన పుస్తకం అది.

గంగరత్నం కింద కూర్చుంది. జోషిత అడక్కుండానే ఆమె ఒళ్ళోకి ఎక్కింది. రేకు ఊడదీసే వేళ్ళు పేజీని అంచు పట్టి, నలగనివ్వకుండా తిప్పాయి. "అదుగో, సంతలోకొచ్చింది. చూడు దాని చెవులు, రెండూ ముందుకి పెట్టింది. ఎక్కడో అరిచినట్టు వినపడింది దానికి. ఒరేయ్ బుజ్జిగా, ఎక్కడున్నావురా, నా పొదుగు సలిపేత్తందిరా అంటంది. ఆ చెనక్కాయలాడు చూడు, తన బస్తా తొక్కేత్తదని అదిలిత్తన్నాడు. ఆడికేం తెలుసు తల్లి బాధ?"

"అమ్మమ్మా, తోక!"

జోషిత వేలు బస్తాల చాటుకి పోయింది. అక్కడ నిజంగానే ఓ బుల్లి తోక కొస ఉంది. తరవాతి పేజీలో రైలు గేటు వెనక ఓ గిట్ట ఉంది. పెళ్ళి పందిట్లో అరిటాకుల దొంతర పక్కన ఓ చెవి ఉంది. గేదె ఎక్కడికి పోతే దూడ అక్కడే ఉంది, తల్లే చూసుకోవడం లేదు. ప్రతి పేజీలో పిల్ల కనిపెట్టి కేక పెట్టేది, అమ్మమ్మ "ఉష్, గేదెకి చెప్పకు, దానంతట అది చూసుకోవాలి" అనేది. సంచీల కోసం వచ్చిన తల్లులు కూడా ఒంగి వెతకడం మొదలెట్టారు. పెళ్ళి పేజీ దగ్గర గంగరత్నం గేదెకీ వంటవాడికీ పెద్ద తగువు పెట్టింది. అది ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. ఆఖరి పేజీలో దూడ పొదుగు కింద దూరేసరికి కుసుమ కళ్ళు చెమర్చాయి. ఎందుకో తనకే తెలియలేదు, సంతోషంగా మాత్రం ఉంది.

"మళ్ళీ!" అంది జోషిత.

"ఇంటికెళ్ళి."

"ఇంటికెళ్ళి మళ్ళీ. రేపు మళ్ళీ."

కుసుమ బల్ల మీది సంచీ ముడి విప్పి, అందులోవి మూడూ తీసేసి, గేదె పుస్తకమూ అక్షరాల్లేని ఇంకో రెండు మూగ పుస్తకాలూ పెట్టబోయింది. గంగరత్నం చెయ్యి అడ్డు పెట్టింది. పిల్ల కాస్త దూరంలో ఉందని చూసుకుని, మెల్లగా అంది. "ఆ అక్షరాలదొకటి సంక్రాంతి దాకా ఉంచండమ్మా. నేను దానికి గేదె కథ చెబుతానా? బడిలో చేరి, పండక్కొచ్చినప్పుడు అదే నాకిది చదివి వినిపిత్తదిలెండి. అప్పుడు చెప్పుకుంటాను దానికి." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో దాపరికం లేదు. సంచీ భుజాన వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాలువ గట్టు దాకా జోషిత గేదెలా అరుస్తూనే వెళ్ళింది.

కుసుమ తెలివైన పిల్ల. తెలివైనవాళ్ళకు పాఠం త్వరగా ఎక్కుతుంది, ఒక్కోసారి మరీ త్వరగా ఎక్కేస్తుంది. గురువుగారి ముందున్న దొంతర మొత్తం ఎత్తుకుని, నింపిన సంచీలన్నీ విప్పి, నీతులున్నవి బయట పారేసి, తలా ఒక మూగ పుస్తకం కూరడం మొదలెట్టింది.

"నా ప్రశ్నకి జవాబు దొరికింది మేడమ్. అక్షరాలు లేనివే మంచివి. ఎవరైనా చెప్పుకోవచ్చు. ఇంకో యాభై తెప్పిద్దామండీ!"

హైమవతి గారు లేచి వచ్చి, కుసుమ చేతిలోని సంచీని నెమ్మదిగా తీసుకుని, ఖాళీ చేసి బల్ల మీద పెట్టారు.

"ముందు పిల్ల కూర్చునే ఒడి ఎవరిదో కనుక్కోవే," అన్నారు. "పుస్తకం తరవాత."