పట్టు ఈకల పుంజు ప్రాణం

అనగా అనగా, ఎప్పటి మాటో నన్నడక్కండి, ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పొరుగు రాజు కూతురు హేమలేఖని జటాలుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్ళాడు, వాడూ రాయైపోయాడు. ఇక మూడోవాడు మణికేతుడు బయల్దేరాడు. సముద్రాలెలా దాటాడంటారా? దాటాడంతే! మధ్యలో అడ్డురాకండి.

హేమలేఖ రహస్యంగా చెప్పింది. "వాడి ప్రాణం పట్టు ఈకల పుంజులో ఉందండీ. దాన్ని పట్టుకుంటే వాడు చిక్కినట్టే."

పట్టు ఈకలంటే పిల్లి బొచ్చులా మెత్తగా ఉంటాయన్నమాట. మణికేతుడు కోళ్ళగూడు తెరిచాడు. పుంజు లేదు!

"నిరుడే ముసలిదై చచ్చిపోయింది బాబూ" అంది గూట్లో పెట్ట. అవును, మాట్లాడే పెట్టే.

"మరి మాంత్రికుడు బతికే ఉన్నాడే?"

"అదే వాడికీ అంతుపట్టలేదు. నాకు తెలుసు, విను. ఈ పిల్లలన్నీ ఆ పుంజుకీ నాకూ పుట్టినవే. పైకి నాలాగే మామూలు ఈకలు. తండ్రి పట్టు లోపల దాక్కుంది, వాడి ప్రాణమూ దాంతోపాటే దాక్కుంది. వీటిని వీటికే జత కట్టించు, మళ్ళీ పైకొస్తుంది."

ఛీ అనకండర్రా, కోళ్ళకి వావివరసలేమిటి!

జత కట్టించాడు. పెట్ట పొదిగింది. పిల్లలు బయటికొచ్చాయి. చూస్తే ఏముంది, అన్నీ పట్టులా మెత్తగానే ఉన్నాయి! మణికేతుడికి తల తిరిగిపోయింది.

ఇంతలో జటాలుడు వచ్చి నిలబడ్డాడు. "ఏదిరా నా ప్రాణం? మూడుసార్లు ఈక పీకి చూసుకో, నాకు నొప్పి పుడితే అదే. తప్పితే నిలువునా రాయే!" పైకి బింకమే కానీ వాడికీ అయోమయమే. అన్నిటినీ చంపేద్దామంటే, తన ప్రాణం ఎందులో ఉందో తెలిస్తేగా!

మణికేతుడు తోచినదాన్ని పట్టుకుని నూగు పీకాడు. "నొప్పి పుట్టలేదే!" అని జటాలుడు పగలబడి నవ్వాడు. మోకాళ్ళదాకా రాయి. ఇంకోదాన్ని పీకాడు. నడుందాకా రాయి.

హేమలేఖ గొల్లుమంది. పెట్టకి ఒళ్ళు మండింది. "ఏం తొందర నాయనా నీకు? పుట్టినప్పుడు ఏ కోడిపిల్లైనా దూదిలాగే ఉంటుంది. ఈకలు రానీ!"

ఆగాడు. సగం రాయైనవాడు ఆగక ఏం చేస్తాడు పాపం! హేమలేఖే గంజి తాగించేది. పిల్లలన్నిటికీ గట్టి ఈకలు మొలిచాయి, ఒక్కదానికి తప్ప. దాని ఒళ్ళంతా పట్టే. మణికేతుడు దాని ఈక పీకాడు.

"అమ్మో!" అని అరిచాడు జటాలుడు.

ఇంకేముంది, కాళ్ళమీద పడ్డాడు. మణికేతుడి కాళ్ళలో ప్రాణం వచ్చింది. అన్నలిద్దరూ లేచి ఒళ్ళు విరుచుకున్నారు. మణికేతుడికీ హేమలేఖకీ ఆకాశమంత పందిరివేసి పెళ్ళి చేశారు. మునిమనవల్ని ఎత్తుకునేదాకా వాళ్ళు రాజ్యమేలారు.

జటాలుణ్ణి చంపలేదు, కోళ్ళకి కాపలా పెట్టారు. ఆ కోళ్ళు పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలు పిల్లల్ని పెట్టి, ఊరంతా నిండిపోయాయి. ఎవరింట్లో మామూలు కోడిని కొయ్యబోయినా సరే, జటాలుడు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చేవాడు.

"ఆగండమ్మా, ఆగండి! దాన్లో నేనున్నానేమో!"