సూరప్పడి ఉప్పుకుప్ప, వాన కబురు చెప్పే రేడియో

రండి, రండి. అలా గుమ్మం దగ్గర నిలబడితే సగం కథే వినబడుతుంది. మిగతా సగం ఇంటికెళ్ళి మీ నాన్నల్ని అడుగుతారు, వాళ్ళకి రాదు. దగ్గరగా జరిగి కూర్చోండి. నవ్వొస్తే నవ్వండి గానీ మరీ పడీపడీ వద్దు. ఇది మా చుట్టాల కథ. వాళ్ళ రక్తం కాస్త నాలోనూ ఉంది. బోర్డుమీద నా కూడికలు చూసినవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

సముద్రం పక్కన ఉప్పుమడుల్లో సూరప్పడు, అతని పెళ్ళాం గంగులమ్మ, తమ్ముడు పోలయ్య పనిచేసుకునేవాళ్ళు. ఉప్పునీళ్ళు మడిలో పెట్టడం, ఎండకి నీళ్ళు ఇగిరిపోతే మిగిలిన ఉప్పుని గట్టుమీద కుప్ప పొయ్యడం, అదే వాళ్ళ బతుకు. "మన ముగ్గురి బుర్రలూ కలిపితే జిల్లాకంతా సరిపోతాయి" అని సూరప్పడి నమ్మకం. ముగ్గురూ ఎప్పుడూ ఒకే మాటమీద ఉండేవాళ్ళు. ఎందుకంటే ముగ్గురికీ ఒకే పొరపాటు ఒకేసారి తట్టేది.

ఆ ఏడు కుప్ప ఇంటిచూరంత ఎత్తు లేచింది. వారంలో లారీ వస్తుంది. ఈలోగా వాన పడిందా, ఏడాది కష్టం నీళ్ళపాలే.

"వాన సంగతి ముందే చెప్పే రేడియో కొనుక్కోండి. గాలివానకి కరెంటు పోయినా పలికేది చూసుకోండి" అన్నాడు పక్కమడి ఆసామి.

అంతే, ముగ్గురూ బస్సెక్కారు.

కొట్టాయన మూడు రేడియోలు బల్లమీద పెట్టాడు. మొదటిది కరెంటుంటేనే పలికేది. "తీరంలో వానలు పడే సూచన ఉంది" అంది.

"ఛీ, అపశకునం పెట్టె! తీసెయ్ బాబూ" అంది గంగులమ్మ.

రెండోది సెల్లులు వేసేది. "భారీ వర్షాలు" అంది.

"దీనిది ఇంకా పాడునోరు, వదినా!" అన్నాడు పోలయ్య.

మూడోదానికి లోపల బ్యాటరీ, నెత్తిన సోలార్ పలక, పక్కన చేత్తో తిప్పే పిడి. అది ఎక్కడో దూరపు ఊరి కబురు పట్టుకుని, "ఆకాశం నిర్మలంగా ఉంటుంది" అంది. సూరప్పడి కళ్ళు చెమర్చాయి. "ఇదీ మంచి మనసున్న రేడియో. ఇదే ఇచ్చెయ్."

తెలివైనవాడు నెలరోజులు వెతికినా అదే కొనేవాడు! మావాళ్ళకి అదృష్టం ముందొచ్చేది. తెలివి మాత్రం వెనకాలైనా వచ్చేది కాదు.

"ఇది ఆపదలో ఆదుకునే రేడియో. కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది. తడవనివ్వకండి" అని చెప్పి కొట్టాయన సాగనంపాడు.

ఇంకేముంది! ఇంటికి రాగానే సూరప్పడు మీట నొక్కబోతే గంగులమ్మ చెయ్యి పట్టుకుంది. "కరెంటు పోయినప్పుడు కదా పనికొస్తాదన్నాడు? ఫ్యాను తిరుగుతుంటే ఎలా పెడతావు మావా?"

పోలయ్య ఫ్యూజు పీకేశాడు. ఫ్యాను ఆగింది. "ఇప్పుడు పెట్టన్నా."

"ఆగరా. ఆపదలో ఆదుకుంటాదన్నాడు. ఇప్పుడు మనకేటి ఆపదుంది?"

ముగ్గురూ ఇల్లంతా వెతికారు. ఆపద దొరకలేదు. సూరప్పడు ఆలోచించి, "పోలయ్యా, చూరెక్కి కింద పడరా" అన్నాడు. పోలయ్య ఎక్కాడు, దబ్బున పడ్డాడు.

"నా నడుమో!"

"వచ్చిందే ఆపద!" అని సూరప్పడు మీట నొక్కాడు.

"ఈ సాయంత్రం తీరంలో కుండపోత వాన. ప్రజలు సురక్షితమైన చోటికి వెళ్ళాలి."

సూరప్పడు బరకం పట్టా చుట్టచుట్టి కుప్పవైపు పరుగెత్తాడు. గంగులమ్మ అడ్డం నిలబడింది.

"రేడియో ఎవర్ని ఎళ్ళమంది మావా?"

"ప్రజల్ని."

"ఉప్పు ప్రజలేటి?"

"కాదు."

"కొట్టాయన దేన్ని తడవనివ్వద్దన్నాడు?"

"రేడియోని."

"మరింకేటి!"

పెళ్ళాం తెలివికి సూరప్పడు మురిసిపోయాడు. అరచేతిలో పట్టే రేడియోకి కుప్పంత బరకం చుట్టారు. ఆ మూట ఏనుగుపిల్లంత అయింది. దాన్ని మోసుకుంటూ తుఫాను షెల్టరుకి చేరారు.

"మీ కుప్ప కప్పారా?" అని అక్కడ పక్కమడి ఆసామి అడిగాడు.

"దాని గురించి ఎవరూ ఏమీ చెప్పలేదండి" అన్నాడు సూరప్పడు వినయంగా.

వాన కొట్టింది కొట్టింది, తెల్లారేదాకా కొట్టింది. పొద్దున వెళ్ళి చూస్తే గట్టుమీద కుప్ప లేదు. మడి నిండా నీళ్ళు. సూరప్పడు కూలబడ్డాడు. ఉప్పుకి పగిలిన గంగులమ్మ మడమలు కళ్ళముందే ఉన్నాయి. వాటికేసి చూడలేక నీళ్ళలో వేలు ముంచి, ఏమీ తోచక నాలుక్కి రాసుకున్నాడు. ఎగిరి లేచాడు.

"ఒసే గంగులూ! ఉప్పు పోలేదే! నీళ్ళలో దాక్కుందే!"

గంగులమ్మ నాకింది. పోలయ్య రెండుసార్లు నాకాడు. నిజమే పిల్లలూ, ఆ నీళ్ళని అలా ఎండకి వదిలేస్తే కొంత ఉప్పైనా మిగిలేది. కానీ సరిగ్గా అప్పుడే, మోసుకొచ్చిన మూటలోంచి రేడియో, "రేపటినుంచి వారమంతా ఎండలు మండిపోతాయి" అంది.

"అమ్మో! ఎండకి నీళ్ళు ఇగిరిపోతే లోపలున్న ఉప్పుకూడా పోదూ? వానప్పుడు మోసపోయాం, ఇప్పుడు కాదు. కప్పండి!" అని అరిచాడు సూరప్పడు.

అంతే! బరకం, తాటాకులు, గంగులమ్మ చీరలు, చాప, అన్నీ మడిమీద పరిచారు. ఒక్క ఎండకిరణం లోపలికి దూరలేదు. వారం తిరిగి లారీ వచ్చేసరికి, మిగిలిన సందుల మీద గొడుగులు పట్టుకుని ముగ్గురూ నిలబడి ఉన్నారు.

"ఉప్పేదయ్యా?" అన్నాడు డ్రైవరు.

"లోపలుంది బాబూ. చుక్క ఇగరనివ్వలేదు. నువ్వెళ్ళి బిందెలు తే!" అన్నాడు సూరప్పడు.

ఇక లేవండి. మీ అమ్మలు పిలుస్తున్నారు, అన్నం చల్లారకముందే తినండి. కూరలో ఉప్పు తగ్గితే అమ్మమీద విసుక్కోకండి, అది మా చుట్టాల పుణ్యమే.